ఒగ్గీసినోడికి ఆసరా ఏదీ?

సిగరెట్టు బడ్డీ కొట్టులో దొరుకుతోంది. సిగరెట్టు మానడానికి కొందరు చేతపట్టిన ఈ-సిగరెట్ 2019 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ రెండింటి మధ్య చిక్కుకున్న వాళ్ల సంగతేమిటి? శ్రీకాకుళం పల్లెల్లో అరవై ఏళ్ల కిందట మొదలైన ఒక పని ఈ ప్రశ్నకు దారి చూపిస్తోంది.

కొత్తమ్మతల్లి జాతర వచ్చిందంటే కోటబొమ్మాళి బిడ్డలు ఎక్కడున్నా ఊరి దారి పడతారు. మా పెదనాన్న కొడుకు దుబాయిలో వెల్డరు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి తక్కువ. నలభై రోజుల సెలవు మీద వాడూ వచ్చాడు. జాతర రాత్రి జనంలో వాడు కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. రోడ్డు పక్క బడ్డీ కొట్టు వెనకాల నిలబడి ఉన్నాడు. వేళ్ల మధ్య సిగరెట్టు. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పదో తరగతి కుర్రాడిలా తల దించేశాడు.

"అన్నియ్యా, రెండేళ్లయింది సిగరెట్టు ఒగ్గీసి. ఇయ్యాళ మల్లీ ఎలిగించీసినాను."

రెండేళ్ల కిందట వాడు సిగరెట్టు మానింది ఈ-సిగరెట్ సాయంతో. దుబాయిలో అది కొట్టులో కొనుక్కునే వస్తువే. అక్కడి ప్రభుత్వం 2019లో దాని అమ్మకానికి నిబంధనలు పెట్టి దారి తెరిచింది. అదే ఏడాది మన దేశం తలుపు మూసింది. ఇండియాకి తేకూడదని తోటివాళ్లు చెబితే, విమానం ఎక్కేముందు దాన్ని గదిలో ఉండే స్నేహితుడి చేతిలో పెట్టి వచ్చాడు. ఇంటికొచ్చాక ఐదు రోజులు ఓర్చుకున్నాడు. రాత్రులు నిద్ర లేదు. చిన్నదానికీ పెద్దదానికీ పిల్లల మీద విసుగు. ఆరో రోజు జాతర. చుట్టూ పాత స్నేహితులు, చేతిచేతికీ తిరిగే అగ్గిపెట్టె. బడ్డీ కొట్టుకి పది అడుగుల దూరం.

"అక్కడ కొట్టులో బిల్లు ఇచ్చి అమ్ముతారు. ఇక్కడ అది దొంగసొత్తు. సిగరెట్టు మాత్రం ఒక్కటడిగితే ఒక్కటిస్తారు. నానేటి సెయ్యాల చెప్పన్నియ్యా?"

ఆ రాత్రి వాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆ మాట కోసం వెతికితే తేలిన సంగతులే ఈ కథనం.

చట్టం ఏం చెప్పింది?

2018 ఆగస్టు 28న కేంద్ర ఆరోగ్య శాఖ, ఈ-సిగరెట్లను అమ్మనివ్వొద్దని రాష్ట్రాలకు సూచన పంపింది. 2019 మే 31న భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, పూర్తి నిషేధం కావాలని శ్వేతపత్రం ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ వచ్చింది. నవంబరు 27న లోక్‌సభ, డిసెంబరు 2న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. డిసెంబరు 5న రాష్ట్రపతి సంతకంతో అది చట్టమైంది.

తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. అమ్మి మొదటిసారి దొరికితే ఏడాది వరకూ జైలు, లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకూ జైలు, 5 లక్షల వరకూ జరిమానా. నిల్వ పెడితే ఆరు నెలల వరకూ జైలు, లేదా 50 వేల వరకూ జరిమానా, లేదా రెండూ. అప్పటికి సరుకు చేతిలో ఉన్నవాళ్లు దగ్గర్లోని పోలీసులకు అప్పగించాలన్నారు.

తాగడం నేరమని ఈ జాబితాలో ఎక్కడా లేదు. కానీ కొనకుండా, దగ్గర పెట్టుకోకుండా తాగేదెలా? జేబులోని ఒక్క పరికరం నిల్వ కిందికి వస్తుందా, రాదా? టెక్కలి బస్టాండులో ఒక కుర్రాణ్ని ఆపిన కానిస్టేబుల్‌కీ, ఆగిన కుర్రాడికీ ఈ ప్రశ్నకు జవాబు తెలిసే అవకాశం తక్కువ. ఆ తెలియనితనమే భయం. భయమున్న మనిషి డాక్టరు దగ్గర కూడా నోరు విప్పడు.

నిషేధం పెట్టిన వాళ్ల ఆందోళన న్యాయమైనదే. మామిడి రుచి, పుదీనా వాసన, పెన్‌డ్రైవ్‌లా కనిపించే రూపం. వీటన్నిటి గురీ పిల్లల మీదే. అమెరికా హైస్కూళ్లలో ఇది దావానలంలా వ్యాపించడాన్ని మన పాలకులు చూశారు. సిగరెట్టు ముఖం చూడని పిల్లలు నికోటిన్‌కి బానిసలైతే ఆ పాపం తరాలు మోయాలి. నా ఇంట్లోనూ పిల్లలున్నారు. వాళ్ల చేతికి ఇది అందకూడదనే నేనూ కోరుకుంటాను.

అయితే చట్టం రాసేటప్పుడు కళ్ల ముందు నిలిచింది ఇంకా మొదలుపెట్టని పిల్లవాడు. అప్పటికే సిగరెట్టు మానడానికి దీన్ని పట్టుకున్న పెద్దవాడు ఆ కళ్లకు ఆనలేదు. వాడి చేతిలోది తీసుకున్నారు. బదులుగా చేతిలో ఏమీ పెట్టలేదు.

మంట వేరు, మత్తు వేరు

మనిషిని సిగరెట్టుకి కట్టిపడేసేది నికోటిన్. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో అది మెదడుకి చేరుతుంది. అందుకే అంత గట్టి బంధం. కానీ ఊపిరితిత్తులను తినేసేది, నోట్లో పుండు పెట్టేది ప్రధానంగా మంట. ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రసాయనాలు. వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ కారకాలు.

2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ ఇప్పటి ఈ-సిగరెట్‌కి రూపమిచ్చాడు. ఆయనా పొగరాయుడే. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఒక బ్యాటరీ, వేడెక్కే చిన్న తీగచుట్ట, నికోటిన్ కలిపిన ద్రవం. తీగ వేడికి ద్రవం ఆవిరవుతుంది. ఆకు లేదు, మంట లేదు, బూడిద లేదు. అందువల్ల సిగరెట్టు పొగలో ఉండే విషాలు చాలావరకూ తగ్గుతాయి. పూర్తిగా పోవు. నికోటిన్ బానిసత్వం అలాగే ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లు ఆ ఆవిరి పీల్చిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చెప్పేంత వయసు ఆ పరికరానికే ఇంకా రాలేదు.

ఇది మానిపిస్తుందా? 2019లో బ్రిటన్‌లో 886 మంది మీద జరిగిన పరీక్షలో సగం మందికి ఈ-సిగరెట్, మిగతావారికి నికోటిన్ గమ్, చర్మానికి అంటించే పట్టీల వంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఈ-సిగరెట్ వాడినవారిలో 18 శాతం, రెండో బృందంలో 9.9 శాతం సిగరెట్టుకి దూరంగా ఉన్నారు. అదే పరీక్షలో బయటపడ్డ రెండో సంగతీ చెప్పాలి. ఈ-సిగరెట్‌తో సిగరెట్టు మానినవారిలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా ఈ-సిగరెట్ తాగుతూనే ఉన్నారు. రెండో బృందంలో మానినవారిలో గమ్, పట్టీలు ఇంకా వాడుతున్నది 9 శాతమే. అంటే ఇది మంటలోంచి లాగుతుంది, మత్తులోంచి లాగదు. మా తమ్ముడి కథ అచ్చం అదే. సిగరెట్టు మానాడు, నికోటిన్ మానలేదు. అందుకే ఆరో రోజుకే తిరగబడింది.

నాయనమ్మ అడ్డపొగ

మా ప్రాంతపు పొగ ముచ్చట అడ్డపొగ ప్రస్తావన లేకుండా పూర్తికాదు. మా నాయనమ్మ అడ్డసుట్ట తాగేది. సంతలో కొన్న పొగాకు కాడల్లోంచి మంచి ఆకు ఏరేది. ఈనె తీసి, కొద్దిగా తడి చేసి, ఒళ్లో పెట్టుకుని చుట్టేది. దారం ముక్కతో బిగించేది. పొయ్యిలో కొరివి తీసి అంటించి, రెండు దమ్ములు మామూలుగా లాగేది. మూడో దమ్ముకి చుట్ట తిరగబడేది. నిప్పు నోట్లోకి, చల్లని కొస బయటికి. పెదాలు గట్టిగా బిగించి, బుగ్గలు లోపలికి లాగి, అరగంట అలాగే. రెండు చేతులతో వరి కుప్ప నూర్చేది, ఆవుకి కుడితి పెట్టేది, మమ్మల్ని తిట్టేది. చుట్ట మాత్రం నోట్లోంచి కదిలేది కాదు.

ఎందుకలా అని అడిగితే ఒక్కో ముసలమ్మ ఒక్కో కారణం చెప్పేది. సముద్రపు గాలికి ఆరిపోదని ఒకరు, ఒళ్లో పసిపిల్ల మీద నిప్పురవ్వ పడదని ఒకరు, మామగారికి కనబడదని ఇంకొకరు, మాయమ్మ ఇలాగే తాగేదని మరొకరు. తీరంలో గంగపుత్రుల ఇళ్లలో ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా తాగేవారు.

ఒకసారి ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ నాయనమ్మ నోట్లోకి టార్చిలైటు వేసింది. నేను పక్కనే ఉండి తొంగి చూశాను. అంగిలంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. దాని మీద ఎర్రటి చుక్కలు, ఒకచోట పైపొర ఊడినట్టు పచ్చి మచ్చ. డాక్టరమ్మ తిట్టలేదు. అద్దం తెచ్చి నాయనమ్మకే చూపించింది. "అమ్మా, ఇది ఇప్పుడే మానితే తగ్గొచ్చు. మానకపోతే పుండవుతుంది" అంది. మూడు నెలలకి మళ్లీ వస్తానని చెప్పి, చెప్పినట్టే వచ్చింది.

ఆ మూడు నెలలూ నాయనమ్మ పడ్డ అవస్థ నాకు గుర్తుంది. నోరు పీకుతోందని ఏడ్చేది. కొంగున ఎండు ఉసిరి ముక్కలు మూట కట్టుకుని, చుట్ట జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఒకటి బుగ్గన పెట్టుకునేది. "నోరు ఊరికే ఉండదు బావూ, దానికేదో ఒకటి ఇయ్యాల" అనేది. చుట్ట తిరిగి ముట్టలేదు.

10,169 మంది నోళ్లు

నాయనమ్మ అంగిలి మీది మచ్చలకు వైద్య చరిత్రలో చోటుంది. 1957లోనే, నిప్పు నోట్లో పెట్టుకుని తాగడానికీ కోస్తా ఆంధ్రలో కనిపించే అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న ముడిని చూపిస్తూ రెడ్డి, రావు అనే వైద్యుల వ్యాసం వచ్చింది. 1966 నుంచి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం దేశంలో ఐదు జిల్లాల పల్లెల్లో 50,915 మంది నోళ్లు పరీక్షించింది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. దంతవైద్యుడు ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్, గణాంక శాస్త్రవేత్త ప్రకాశ్ గుప్తా అందులో ముఖ్యులు. శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి చూసింది 10,169 మందిని. వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. 1971లో వెలువడిన ఆ పరిశోధన ప్రపంచమంతటా నోటి క్యాన్సర్ పాఠంలో భాగమైంది.

అసలు విషయం ఆ తర్వాతిది. లెక్కలు రాసుకుని వెళ్లిపోకుండా, శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందితో మాన్పించే ప్రయత్నం మొదలుపెట్టారు. ఏటేటా వచ్చి నోరు చూశారు. కూర్చుని మాట్లాడారు. సినిమాలు, పోస్టర్లు, రేడియో, పత్రికలు అన్నీ వాడుకున్నారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అంతకుముందు పరిశీలించిన బృందంతో పోలిస్తే ఎక్కువ మంది మానారు, ఎక్కువ మంది తగ్గించారు. నోళ్లలో క్యాన్సర్‌కి ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది.

చుట్టను నిషేధించలేదు. పోలీసు రాలేదు. ఒక మనిషి గడప ముందు కూర్చుని, నోరు తెరిపించి, అద్దం చూపించి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చాడు. అంతే. కానీ ఆ 'అంతే'లో ఎంతో ఉంది. మానమని చెప్పిన వాళ్లు, మానే రోజుల్లో తోడున్నారు. ఈ-సిగరెట్ విషయంలో మనం చేయనిది సరిగ్గా ఇదే. వస్తువును తీసేశాం, మనిషిని పలకరించలేదు.

లోకం నడుస్తున్న దారులు

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. సింగపూర్, థాయ్‌లాండ్ నిషేధం వైపు వెళ్లాయి. ఈ-సిగరెట్లను మానే సాధనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. బ్రిటన్ వేరే దారి పట్టింది. పొగ తాగేవాళ్లు మానడానికి వాడుకోవచ్చని అక్కడి ప్రభుత్వ వైద్య సేవలే చెబుతాయి. 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు వేప్ (ఈ-సిగరెట్) కిట్లు ఇచ్చి మాన్పించే పథకం ప్రకటించారు. పిల్లలు ఒకసారి వాడి పారేసే రకాలకు అలవాటు పడుతుంటే 2025 జూన్ 1 నుంచి ఆ రకాన్ని నిషేధించారు. ఆస్ట్రేలియా మధ్యదారి వెతికింది. 2024 జులై నుంచి అక్కడ వేప్‌లు మందుల షాపుల్లో తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు.

దొంగదారి ఎంత ప్రమాదమో అమెరికా చూపించింది. 2019లో వేప్ తాగినవాళ్లు ఒక్కసారిగా ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. వాటికి ప్రధానంగా గంజాయి సారం కలిపిన దొంగ సరుకులోని విటమిన్ ఇ అసిటేట్ కారణమని తేల్చారు. నిషేధమున్న చోట దొరికే ప్రతి పరికరమూ దొంగ సరుకే. లోపలి ద్రవంలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. నగరాల్లో చాటుమాటుగా దొరుకుతుందని మా తమ్ముడికి ఎవరో చెప్పారు. వద్దని నేనే గట్టిగా ఆపాను. సిగరెట్టు మానడానికి బయల్దేరిన మనిషి చేతికి పేరూ ఊరూ లేని సీసా రాకూడదు.

మందుల షాపు గడపలో

మరి వాడికి చట్టబద్ధంగా మిగిలిన ఆసరా ఏమిటి? నికోటిన్ గమ్. 2 మిల్లీగ్రాముల గమ్‌కి డాక్టరు చీటీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మందులను 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోకి 2022లో వచ్చాయి. కాగితం మీద అంతా బాగుంది.

జాతర మర్నాడు ఇద్దరం బండి మీద బయల్దేరాం. మొదటి షాపులో లేదన్నారు. రెండో షాపు అబ్బాయి మామూలు బబుల్‌గమ్ చూపించాడు. మూడోచోట దొరికింది. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. తమ్ముడు దాన్ని మామూలు చూయింగ్‌గమ్‌లా కసాబిసా నమిలేశాడు. గొంతు మండింది, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. "ఇది నా వల్ల కాదన్నియ్యా" అని ఉమ్మేశాడు.

తప్పు గమ్‌ది కాదు. దాన్ని ఆపకుండా నమలకూడదు. నాలుగైదుసార్లు నమిలి, నాలుక మీద కారంలా చుర్రుమనగానే ఆపాలి. చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టి ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. నికోటిన్ బుగ్గ లోపలి పొర నుంచి మెల్లగా ఎక్కుతుంది. మింగితే కడుపులో మంటే మిగులుతుంది. నాయనమ్మ ఉసిరి ముక్కను బుగ్గన పెట్టుకున్న పద్ధతే ఇది. ఈ రెండు నిమిషాల మాట చెప్పే మనిషి లేక ఎంతమంది మొదటి రోజే ఉమ్మేసి, బడ్డీ కొట్టుకి తిరిగి నడిచారో!

ఇంకో ఆసరా ఫోను. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పొగాకు మానేవారి కోసం జాతీయ క్విట్‌లైన్ మొదలైంది. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోట్లకు విస్తరించి, దక్షిణాది భాషల్లోనూ మాట్లాడుతోంది. 2018 నుంచి ఆ నంబరును సిగరెట్టు పెట్టెల మీద అచ్చు వేయాలని నిబంధన పెట్టారు. మంచి ఆలోచన. కానీ మా ఊళ్లో పెట్టె కొనేవాడెవడు? ఒక్కటడిగి, అక్కడే వేలాడే తాడు నిప్పుకో లైటరుకో అంటించుకుని పోతాడు. పెట్టె కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది. దాని మీది బొమ్మా, నంబరూ అక్కడే ఉండిపోతాయి. చుట్టకైతే పెట్టే లేదు. ఎక్కువ అవసరమున్న మనిషికే ఆ నంబరు కనబడటం లేదు.

లెక్క చిన్నదేం కాదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవారిలో 20 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారే. కిడ్నీ జబ్బు పీడించే మా ఉద్దానంలో దీని బరువు ఇంకా ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి పొగ మానడం వైద్యంలో భాగం. డయాలసిస్ మంచం ఎక్కాల్సిన మనుషులున్న చోట, పొగ మానే సాయం ఊరి గడపకి రాకపోతే ఎలా?

ఏం కావాలి?

ఈ-సిగరెట్లను బడ్డీ కొట్లలో వేలాడదీయమని నేను అడగడం లేదు. అలా జరిగితే మొదట చెడేది మా పిల్లలే. నేనడిగేది ఒక్కటి. పొగాకు మీద ఏ నిబంధన తెచ్చినా, ఒగ్గీసిన మనిషి తిరిగి పడిపోకుండా అది నిలబెడుతుందా, పడదోస్తుందా అని చూడండి. 2019 చట్టాన్ని ఆ త్రాసులో ఎవరూ తూచలేదు. సిగరెట్టును ఉంచి దీన్నెందుకు తీస్తున్నారన్న ప్రశ్న ఆనాడు పార్లమెంటులోనూ వినిపించింది. దానికి చేతల్లో జవాబు ఇంకా రావాల్సే ఉంది.

మొదట, నికోటిన్ గమ్, పట్టీలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి. అత్యవసర మందుల జాబితాలో ఉన్నది పలాస మారుమూలకీ చేరినప్పుడే ఆ పేరుకి అర్థం. వాడే తీరు చెప్పడం ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల పనిలో భాగం కావాలి. బీపీ, షుగరు చూసే చేత్తోనే టార్చిలైటు వేసి నోరు చూడొచ్చు. అడ్డపొగ తాగే ముసలమ్మలు మా తీరంలో ఇంకా ఉన్నారు.

రెండు, పరికరం దొరికిన వాడుకదారుణ్ని నేరస్తుడిగా కాక రోగిగా చూడాలి. చట్టం గురి అమ్మేవాడి మీద ఉండాలి. తాగేవాడికి ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ప్రభుత్వం తెలుగులో, పల్లెవాడికి అర్థమయ్యేలా చెప్పాలి. భయం పోతేనే మనిషి డాక్టరు ముందు నిజం చెబుతాడు.

మూడు, విడి సిగరెట్ల అమ్మకం ఆపాలి. మహారాష్ట్ర 2020లో ఆ అడుగు వేసింది. ఆంధ్రప్రదేశ్ ఎందుకు వేయకూడదు?

నాలుగు, గమ్‌తో, పట్టీలతో, మాత్రలతో మానలేక ఓడిపోయిన పెద్దవాళ్ల సంగతి. వైద్యుడి పర్యవేక్షణలో, మందుల షాపు ద్వారా మాత్రమే ఈ-సిగరెట్ దొరికే మార్గం మన దేశానికి పనికొస్తుందో లేదో శాస్త్రవేత్తలు నిజాయతీగా మళ్లీ పరిశీలించాలి. 2019 తర్వాత లోకంలో ఎన్నో పరిశోధనలు వచ్చాయి. పొగాకు పండించే రాష్ట్రం మనది. పొగాకు బోర్డు గుంటూరులోనే ఉంది. మానేవాళ్ల గురించి గొంతెత్తే బాధ్యతా మనకుంది.

మానాలనుకునేవారికి

* జాతీయ క్విట్‌లైన్: 1800-11-2356. ఈ ఫోనుకి డబ్బు పడదు.
* మిస్డ్ కాల్ ఇస్తే మొబైల్‌కి సందేశాలు పంపే సేవ: 011-22901701.
* నోరు పీకే బాధ కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, నాలుగడుగులు నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి. మొదటి కొద్ది రోజులే కష్టకాలం.
* గమ్ వాడటానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే వాడాలి.
* నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలకీ మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.
* మానాక ఒకసారి జారితే అంతా పోయినట్టు కాదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

ఫోనులో తమ్ముడు

సెలవు ముగిసేసరికి తమ్ముడు రోజుకి నాలుగు సిగరెట్ల దగ్గరికి వచ్చాడు. గమ్ వాడే తీరు తెలిశాక కొంత నిలదొక్కుకున్నాడు. పలాస స్టేషనులో రైలెక్కిస్తుంటే చొక్కా జేబులో గమ్ ప్యాకెట్టు కనిపించింది. పక్కన సిగరెట్టు కూడా ఒకటుంది. నేను చూశానని వాడికి తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

దుబాయి చేరాక ఫోను చేశాడు. సిగరెట్టు మళ్లీ మానాడట. ఈ-సిగరెట్ మళ్లీ కొన్నాడట. కాకపోతే ఈసారి నికోటిన్ తక్కువున్న ద్రవం తీసుకున్నాడు. నెలనెలా ఇంకా తగ్గిస్తాడట.

"వచ్చే జాతరకి ఏదీ లేకుండా వస్తానన్నియ్యా. నా మీద నాకు నమ్మకం ఉంది. కానీ ఒకేల పూర్తిగా ఒగ్గలేకపోతే, ఆ నలభై రోజులకి మనూళ్లోనే ఏదో ఒక మందు దొరికేలా సూడండి. నన్ను మల్లీ ఆ బడ్డీ కొట్టు ఎనక్కి పంపీకండి."

వాడు అడుగుతున్నది నన్నొక్కణ్నే కాదు. చట్టం రాసినవాళ్లను, దాన్ని అమలు చేసేవాళ్లను, ఊరి ఆరోగ్య కేంద్రాన్ని అడుగుతున్నాడు. వచ్చే జాతరకి ఇంకా టైముంది.